లీటర్ పెట్రోల్ కాలిస్తే 2.3 కిలోల గ్యాస్! వాతావరణ మార్పు అసలు లెక్క ఏంటి?

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. బంక్‌కి వెళ్లి బండిలో లీటర్ పెట్రోల్ కొట్టించారు అనుకోండి. ఆ పెట్రోల్ బరువెంత? కిలో కూడా ఉండదు, ముప్పావు కిలో దగ్గర ఉంటుంది. మరి అది మొత్తం కాలిపోయాక సైలెన్సర్ లోంచి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ బరువెంత? దాదాపు 2.3 కిలోలు.

అదేంటి, ముప్పావు కిలో పోస్తే రెండు కిలోల పైన ఎలా వస్తుంది అంటారా? చాలా సింపుల్. పెట్రోల్‌లో ఎక్కువ భాగం కార్బనే. కాలేటప్పుడు ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువుల్ని పట్టుకుంటుంది. అందుకే 12 గ్రాముల కార్బన్ కాలితే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. కళ్లకి కనపడదు, వాసన రాదు. కాబట్టి మనకి లెక్కలోకి రాదు.

రోజుకి 20 కిలోమీటర్లు బండి నడుపుతారు, లీటర్‌కి 50 మైలేజ్ వస్తుంది అనుకుందాం. ఏడాదిలో 300 రోజులు తిరిగితే సుమారు 275 కిలోల గ్యాస్. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు 11! అది ఒక్క బండి లెక్క. బొగ్గు, ఆయిల్, గ్యాస్, సిమెంట్ అన్నీ కలిపితే ప్రపంచం ఏడాదికి దాదాపు 3,700 కోట్ల టన్నులు గాలిలోకి వదులుతోంది.

ఇదంతా ఎక్కడికి పోతుంది? దాదాపు సగాన్ని సముద్రాలు, అడవులు, నేల కలిసి పీల్చుకుంటాయి. మిగతా సగం గాలిలోనే ఉండిపోతుంది. ఒక రోజో, ఒక ఏడాదో కాదు, అందులో కొంత వందల ఏళ్లు ఉంటుంది. మన ముత్తాతల కాలంలో రైలింజన్‌లో కాలిన బొగ్గు తాలూకు కార్బన్ కొంత ఇప్పటికీ మన నెత్తి మీదే ఉందన్నమాట.

నిజానికి ఈ గ్యాస్ చెడ్డది కాదు. భూమికి కప్పిన దుప్పటి లాంటిది. ఇలాంటి వాయువులు అసలు లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేది. సమస్య ఏంటంటే ఆ దుప్పటిని మనం మందంగా చేసుకుంటూ పోతున్నాం. ఫ్యాక్టరీల కాలానికి ముందు, గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో 280 కార్బన్ డయాక్సైడ్‌వి. 1958లో ఛార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు సుమారు 315. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగల్ని చూస్తే, గత 8 లక్షల ఏళ్లలో మన కాలానికి ముందు ఎప్పుడూ 300 దాటలేదు.

"వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది కదా బ్రో, ఇది మన వల్లే అని గ్యారంటీ ఏంటి?" మంచి ప్రశ్న. దీనికి సైంటిస్టుల దగ్గర వేలిముద్ర లాంటి సాక్ష్యం ఉంది. చెట్లలో, మన ఒంట్లో కార్బన్-14 అనే రకం కార్బన్ కొద్దిగా ఉంటుంది. అది 5,730 ఏళ్లకి సగం అయిపోతుంది. బొగ్గు, పెట్రోలియం కోట్ల ఏళ్ల నాటివి, కాబట్టి వాటిలో అది మిగల్లేదు. గాలిలో పెరుగుతున్న కార్బన్‌లో కూడా ఆ గుర్తు కనపడటం లేదు. అంటే అది భూమి లోపలి నుంచి వచ్చిందే. అగ్నిపర్వతాలదా? అవి వదిలేది మనం వదిలేదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. పోనీ సూర్యుడి వల్లా? అదే నిజమైతే వాతావరణం పైపొర కూడా వేడెక్కాలి. కానీ అది చల్లబడుతోంది. దుప్పటి మందమైతే లోపల వేడి, బయట చలి. అదే జరుగుతోంది.

సరే, ఒకటిన్నర డిగ్రీ పెరిగితే ఏమైపోతుంది, ఏసీ రిమోట్‌లో రెండు నొక్కులే కదా అనిపిస్తుంది. కానీ అది భూమి మొత్తానికి సగటు. సగటు కొంచెం జరిగితే చాలు, విపరీతమైన రోజులు చాలా పెరుగుతాయి. పైగా గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. దాంతో రెండు జరుగుతాయి. ఒకటి, కురిసినప్పుడు కుండపోత. రెండు, ఉక్కపోత. మన ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, ఆ చెమట ఆరడం. గాలి నిండా తేమ ఉంటే చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. వడదెబ్బ అంటే అదే. 2015 మే నెల ఎండలకి మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. చాలామంది వృద్ధులు, ఎండలో కూలి పని చేసుకునేవాళ్లు.

సముద్రం సంగతి చూడండి. 1900 తర్వాత ప్రపంచవ్యాప్తంగా సగటు నీటిమట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది, అంటే జానెడు. కాకినాడ దగ్గర ఉప్పాడకి వెళ్తే, తీరం కోసుకుపోయి ఇళ్లు పోగొట్టుకున్న మత్స్యకారులు కనపడతారు. ఆ కోతకి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ నీటిమట్టం పెరిగేకొద్దీ ప్రతి తుఫాను అల ఇంకొంచెం లోపలికి వస్తుంది.

ఇప్పుడు అసలు బాధ కలిగించే లెక్క. ఏడాదికి ఒక అమెరికన్ వాటా సగటున 14 టన్నుల దగ్గర. ఒక భారతీయుడి వాటా 2 టన్నుల దగ్గర. ఇప్పటిదాకా గాలిలో చేరినదాంట్లో అమెరికా వాటా దాదాపు నాలుగో వంతు, మనది నాలుగు శాతం లోపే. మన దేశంలోనూ అంతే. ఏసీ గదిలో కూర్చున్న మన కరెంటు కోసం రామగుండంలోనో, కొత్తగూడెంలోనో బొగ్గు కాలుతుంది. ఆ వేడి మాత్రం ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వే అమ్మ మీద పడుతుంది. ఆమెకి బండీ లేదు, ఏసీ లేదు.

మరి చేతులెత్తేయాలా? అస్సలు కాదు. సైన్స్ చెప్పే మంచి వార్త ఒకటుంది. మనం గాలిలోకి కొత్తగా కలిపే కార్బన్ నికరంగా సున్నా అయిన రోజు, ఉష్ణోగ్రత పెరగడం కూడా దాదాపు ఆగుతుంది. పెరిగింది వెంటనే తగ్గదు, కానీ ఇంకా పెరగదు. అంటే ఇప్పుడు తగ్గించే ప్రతి టన్నూ లెక్కలోకొస్తుంది. మన కరెంటులో దాదాపు ముప్పావు వంతు ఇంకా బొగ్గుదే, కాబట్టి పెద్ద మార్పు అక్కడ రావాలి. సోలార్ ప్యానెళ్ల ధర 2010 తర్వాత పదేళ్లలోనే దాదాపు 90 శాతం పడిపోయింది. 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్క్ నడుస్తోంది. రెండో పని, ఎండ నుంచి మనుషుల్ని కాపాడుకోవడం. అహ్మదాబాద్ 2013లోనే వడగాడ్పుల ప్రణాళిక తెచ్చింది: ముందస్తు హెచ్చరికలు, తాగునీళ్లు, ఆసుపత్రుల్లో ఏర్పాట్లు.

కాబట్టి ఫ్రెండ్స్, ఏసీ 26లో పెట్టండి, దగ్గరికైతే నడవండి, మంచిదే. కానీ అక్కడితో ఆగొద్దు. మీ ఊళ్లో ఎండాకాలం పని వేళలు మారాయా, పని దగ్గర నీడ, నీళ్లు ఉన్నాయా, బడి పైకప్పు మీద సోలార్ ఎందుకు లేదు అని అడగండి. ఓటు అడగడానికి వచ్చినవాళ్లని కూడా ఇదే అడగండి. ఈసారి బంక్‌లో మీటర్ తిరుగుతున్నప్పుడు ఆ 2.3 కిలోలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఎండలో జాగ్రత్త.