సొంత బండి తోలేవానికి ఏది మేలు? పికప్పా, లారీయా?

పరుగెత్తి పాలు త్రాగుట కంటే నిలబడి నీళ్ళు త్రాగుట మేలని పెద్దలంటారు. కానీ కిరాయి బండినే నమ్ముకొన్న వానికి ఈ సామెత సగమే వర్తిస్తుంది. బండి నిలబడిన దినమున అతనికి నీళ్ళు కూడా దొరకవు. పరుగెత్తక తప్పదు, అయితే ఏ బండితో పరుగెత్తవలెనన్నదే ప్రశ్న. చదువు ముగించిన యువకులలో కొందరు ఉద్యోగమునకై ఎదురుచూచి విసిగి, తండ్రి ఇచ్చిన అర ఎకరమో తల్లి మెడలోని బంగారమో తాకట్టు పెట్టి బండి కొంటున్నారు. బండి పేరు అద్దముపై వ్రాయించునప్పుడున్న ఉత్సాహము మొదటి సంవత్సరపు కిస్తులు కట్టునప్పుడు అందరిలోనూ నిలువదు. కావున కొనుటకు ముందే కాగితముపై లెక్క వేసికొను పద్ధతిని మా శక్తి కొలది ఈ వ్యాసమున వివరింపదలచినాము.

ఈ వృత్తిలోని మాటలను గమనించినా ఒక విశేషము తోచును. కిరాయి, హమాలీ, కిస్తు, అడ్డా: ఇవన్నీ ఉర్దూ మాట్లాడువారి నోటి నుండి తెలుగువారి నోటికి వచ్చి స్థిరపడినవే. బండి వెనుక ఏ లిపిలో వ్రాసియున్నను లోపలి లెక్క ఒక్కటే.

మన జిల్లాల సరుకు

2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా నుండి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేరుపడినవి. ఈ మూడింటి నేల ఒకటి కాదు, సరుకు ఒకటి కాదు. బండిని ఎన్నుకొనువాడు మొదట చూడవలసినది బండిని కాదు, సరుకును.

జనగామ హైదరాబాదునకు సుమారు 85 కిలోమీటర్ల దూరములో 163వ జాతీయ రహదారిపై ఉన్నది. వడ్లు, పత్తి ఇక్కడి మార్కెటునకు వచ్చు ముఖ్యమైన పంటలు. నగరము దగ్గర కావుటచే పాలు, కూరగాయలు, గృహ సామగ్రి వంటి చిల్లర సరుకు కూడా రోజూ అటూ ఇటూ తిరుగుతుంది. మహబూబాబాదు జిల్లా మిరపకు ప్రసిద్ధి. అక్కడి మిరప వరంగల్లులోని ఏనుమాముల మార్కెటునకు, ఖమ్మమునకు, గుంటూరునకు పోతుంది. కేసముద్రము మార్కెటు కూడా ఈ జిల్లాలోనిదే. భూపాలపల్లి సంగతి వేరు. అక్కడ సింగరేణి బొగ్గు గనులున్నవి. చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము ఉన్నది. మహాదేవపూరు వైపు గోదావరి ఇసుక ఉన్నది.

సరుకులలో రెండు జాతులు గలవు. ఒకటి బరువు సరుకు, రెండవది చోటు సరుకు. పొడి ఇసుక ఒక ఘనపు మీటరు సుమారు 1,600 కిలోలు తూగుతుంది. బొగ్గు, వడ్లు, సిమెంటు కూడా బరువు జాతివే. వీటిని ఎక్కించునప్పుడు బండి తొట్టి నిండక ముందే చట్టము అనుమతించిన బరువు పూర్తవుతుంది. పత్తి, ఎండు మిరప అట్లు కాదు. తొట్టి నిండి, త్రాళ్ళు కట్టి, పైకి ఎత్తుగా పేర్చినను బరువు ఇంకా మిగిలియే ఉంటుంది. బరువు సరుకు పెద్ద బండిని కోరుతుంది. చోటు సరుకు, అందులోనూ ఊరూరా కల్లముల నుండి కొద్దికొద్దిగా ఎత్తవలసినది, చిన్న బండిని కోరుతుంది. మిరప కల్లమునకు పోవు ఇరుకు దారిలో పది టైర్ల లారీ తిరుగజాలదు.

బండ్ల వరుస

2005లో టాటా ఏస్ మార్కెటులోనికి వచ్చినప్పుడు దాని మోత ముప్పాతిక టన్ను. జనము దానికి ఛోటా హాథీ అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. అంతవరకు మూడు చక్రముల ట్రాలీ ఆటోకును లారీకిని నడుమ సామాన్యునికి అందుబాటులో ఉన్నది తక్కువ. ఆ లోటును అది తీర్చినది. తరువాత బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటివి ఒకటి, ఒకటిన్నర టన్నుల సరుకునకు వాడుకలోనికి వచ్చినవి.

వీటికి పైమెట్టున ఉన్నది మనవారు డీసీఎం అని పిలుచు బండి. 1980లలో డీసీఎం, టొయోటా సంస్థలు కలిసి తయారుచేసిన లారీకి ఆ పేరు. ఆ సంస్థ 1990లలోనే చేతులు మారినది. ఆ బండి తయారీ ఆగిపోయినది. పేరు మాత్రము ఏ కంపెనీ మధ్యరకపు లారీకైనను అంటుకొని మిగిలినది. ఆపైన ఆరు, పది, పన్నెండు టైర్ల లారీలు, టిప్పర్లు.

చట్టము చెప్పునది

పికప్పునకు, లారీకి మొదటి తేడా లైసెన్సులోనే ఉన్నది. మొత్తము బరువు 7,500 కిలోలు మించని సరుకు బండిని తేలికపాటి మోటారు వాహనపు లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పినది. 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనము దానినే స్థిరపరచినది. అంతకు మించిన బండికి భారీ వాహనపు లైసెన్సు కావలెను. దానికి ముందుగా తేలికపాటి లైసెన్సు కనీసము ఒక సంవత్సరము ఉండవలెను. వయసు ఇరువది సంవత్సరములు నిండవలెను. కావున నేడు లైసెన్సు తీసికొన్నవాడు రేపే లారీ తోలలేడు.

రెండవది పర్మిటు. మొత్తము బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి 1988 నాటి మోటారు వాహనముల చట్టము పర్మిటు నుండి మినహాయింపు ఇచ్చినది. పికప్పులలో కొన్ని రకములు ఈ హద్దుకు లోపల, కొన్ని పైన ఉంటవి. కొనునప్పుడు మొత్తము బరువు ఎంతో ఆర్.సి. నమూనాలో చూచుకొనవలెను.

మూడవది బీమా. 2022 జూన్ 1 నుండి నిర్ణయించిన ధరల ప్రకారము మూడవ పక్షపు బీమా 7,500 కిలోల లోపు సరుకు బండికి 16,049 రూపాయలు. 12,000 నుండి 20,000 కిలోల దానికి 35,313. 20,000 నుండి 40,000 కిలోల దానికి 43,950. మన బండికి కలుగు నష్టమునకు చేయు బీమా దీనికి అదనము. ఫిట్‌నెసు పరీక్ష బండి వయసు ఎనిమిది సంవత్సరముల వరకు రెండేండ్లకొకసారి, ఆపైన ఏటేటా.

కాగితముపై లెక్క

ఇచ్చట మేము వేయు లెక్క ఒక ఉదాహరణము మాత్రమే. చదువరి తన ఊరి కిరాయిని, తన బండి మైలేజీని, ఆనాటి డీజిలు ధరను అందులో నింపుకొని చూడవలెను.

ఒకడు పికప్పునకై 8 లక్షల అప్పు చేసినాడనుకొందాము. నూటికి 11 వడ్డీపై అయిదేండ్ల గడువుకు నెల కిస్తు సుమారు 17,400 రూపాయలు. బీమా, పన్నుల వంతు నెలకు 4,000. ఇల్లు గడుచుటకు 15,000. మొత్తము 36,400. ఇది బండి కదిలినను కదలకున్నను పడు ఖర్చు. లీటరునకు 12 కిలోమీటర్లు నడుచు బండికి డీజిలు 96 రూపాయలైనచో కిలోమీటరునకు 8 రూపాయలు, టైర్లకు మరమ్మతుకు మరి 2 రూపాయలు. అరవై కిలోమీటర్ల దూరములోని మార్కెటునకు మిరప వేసికొని 3,000 రూపాయల కిరాయికి పోయి ఖాళీగా తిరిగి వచ్చినచో, 120 కిలోమీటర్లకు 1,200 పోగా 1,800 మిగులును. నెలకు ఇరువదియొక్క ట్రిప్పులు దొరికిన గాని పై ఖర్చు పూడదు. తిరుగు ప్రయాణమున ఎరువుల బస్తాలో కిరాణా సరుకో 1,500 రూపాయలకు దొరికినచో పన్నెండు ట్రిప్పులే చాలును.

ఇప్పుడు పది టైర్ల లారీ. 28 లక్షల అప్పుకు అదే వడ్డీ, అదే గడువు. కిస్తు సుమారు 60,900. బీమా, పన్ను, పర్మిటు వంతు 12,000, క్లీనరు జీతము 12,000, ఇంటికి 20,000. మొత్తము 1,04,900. లీటరునకు 4 కిలోమీటర్లైనచో డీజిలు కిలోమీటరునకు 24 రూపాయలు, టైర్లు మరమ్మతులు కలిపి 32. భూపాలపల్లి నుండి హైదరాబాదునకు పోవు దూరము 210 కిలోమీటర్లనుకొని, 18 టన్నుల సరుకు టన్నుకు 1,200 చొప్పున వేసినచో కిరాయి 21,600. రానుపోను నడకకు 13,440, టోలు, దారి ఖర్చులకు 2,000 పోగా మిగులునది 6,160. నెల ఖర్చు పూడవలెనన్నచో పదునెనిమిది ట్రిప్పులు కావలెను. ఎక్కించుట, దించుట, కాచుకొనుట కలిపి ఒక్కొక్క ట్రిప్పునకు రెండు దినములు పట్టినచో ముప్పదియారు దినములైనవి. నెలకు అన్ని దినములు ఎక్కడివి? తిరుగు ప్రయాణమున 8,000 రూపాయల సరుకు దొరికినచో మాత్రము ఎనిమిది ట్రిప్పులతో లెక్క సరిపోవును.

ఈ రెండు లెక్కలలోని సారము ఇది. పికప్పు ఖాళీగా తిరిగి వచ్చినను కష్టపడి బ్రదుకగలదు. లారీ ఖాళీగా తిరిగి వచ్చినచో బ్రదుకజాలదు. తిరుగు సరుకు పికప్పునకు లాభము, లారీకి ప్రాణము.

అట్లని లారీని చిన్నచూపు చూడరాదు. టన్ను సరుకును నూరు కిలోమీటర్లు మోయుటకు ఒకటిన్నర టన్ను వేసిన పికప్పునకు సుమారు అయిదున్నర లీటర్ల డీజిలు పట్టును. 18 టన్నులు వేసిన లారీకి సుమారు ఒకటిన్నర లీటరు చాలును. అందుచేతనే దూరము పెరిగిన కొలది, సరుకు పెరిగిన కొలది వర్తకుడు లారీనే పిలుచును. ఏడాది పొడవునా బొగ్గో సిమెంటో మోయు పని చేతిలో ఉండి, రెండు వైపులా నమ్మకమైన ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఉన్నవానికి లారీయే తగినది.

ఋతువును కూడా లెక్కలోనికి తీసికొనవలెను. పత్తి శీతకాలములో, మిరప మాఘ ఫాల్గుణముల చుట్టుప్రక్కల, వడ్లు ఏటికి రెండు మార్లు. వానలు ముదిరి గోదావరి నిండినప్పుడు ఇసుక పని ఆగును. కిస్తునకు మాత్రము ఋతువు లేదు. రెండు నెలలు పని లేకున్నచో పికప్పువాడు సుమారు 35,000, లారీవాడు లక్షా ఇరువది వేలు ఇంటి నుండి తెచ్చి కట్టవలెను. ఆ సొమ్ము ముందే విడిగా ఉంచుకొనలేనివాడు పెద్ద బండి జోలికి పోకుండుటే క్షేమము.

రెండు ప్రలోభములు

కిరాయి చాలని దినమున మొదటి ప్రలోభము అధిక భారము. కేంద్ర చట్టములో 2019లో చేసిన సవరణ దీనికి 20,000 రూపాయల జరిమానాను, ఆపైన అదనపు టన్ను ఒక్కింటికి 2,000 రూపాయలను విధించినది. అదనపు సరుకును అక్కడే దింపవలెను. లారీలకు అనుమతించిన బరువును 2018లో ప్రభుత్వమే పెంచినది. రెండు ఇరుసుల లారీ మొత్తము బరువు 16.2 టన్నుల నుండి 18.5 టన్నులైనది. ఆ హద్దును కూడా దాటినవాడు జరిమానా కట్టుటతో బయటపడినచో అదృష్టవంతుడు. బ్రేకులు, టైర్లు చట్టము వలె నోటీసు ఇచ్చి రావు.

రెండవది మనుష్యులను ఎక్కించుట. మిరప ఏరుటకు పోవు కూలీలను, పెండ్లివారిని, జాతర జనమును సరుకు తొట్టిలో కూర్చుండబెట్టి తీసికొనిపోవుట మన పల్లెలలో తరచుగా కనబడు దృశ్యము. సరుకు బండి బీమా కిరాయి ప్రయాణికులను ఉద్దేశించినది కాదు. ప్రమాదము జరిగినచో పరిహారపు భారము బండి యజమానిపై, అనగా అతని అర ఎకరముపై పడవచ్చును. కాని పోయిన ప్రాణమునకు ఏ అర ఎకరము సరిపోదు. నాలుగు వందల కిరాయికి ఆశపడి నలుగురి ఇండ్లలో దీపమార్పరాదు.

ఇతర దేశముల మాట

అమెరికాలోనూ ఇదే తర్జనభర్జన ఉన్నది. అక్కడ పెద్ద పికప్పునకు వెనుక పొడుగాటి ట్రైలరు తగిలించి త్వరగా చేరవలసిన సరుకును మోయువారిని హాట్‌షాట్ వారందురు. బండి, ట్రైలరు కలిపిన బరువు 26,001 పౌండ్లకు, అనగా సుమారు 11.8 టన్నులకు చేరినచో వాణిజ్య లైసెన్సు తప్పనిసరి. ఆ హద్దుకు లోబడి తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టువారు కొందరు. పెద్ద ట్రక్కుతో ఖండము దాటువారు కొందరు. దేశము మారినను చిన్న బండి వేగమును, పెద్ద బండి మోతను అమ్ముకొనుట మారలేదు.

కడపటి మాట

బండి కొనదలచినవాడు షోరూమునకు పోవుటకు ముందు తన్ను తాను అయిదు ప్రశ్నలు వేసికొనవలెను. నా చుట్టుప్రక్కల దొరకు సరుకు బరువుదా, చోటుదా? అది ఏటిలో ఎన్ని నెలలు దొరకును? తిరుగు సరుకు ఇచ్చువాడు ఎవడు? రెండు నెలల కిస్తు చేతిలో ఉన్నదా? వారమునకు అయిదు రాత్రులు ఇల్లు విడిచి ఉండగలనా? ఈ అయిదింటికి సమాధానము వ్రాయలేనివాడు ఒక సంవత్సరము మరొకరి బండిపై పనిచేసి ఆ సమాధానములు సంపాదించుట మేలు.

మా అభిప్రాయమున జనగామలో, మహబూబాబాదులో మొదటిసారి బండి కొనువానికి పికప్పే తగినది. దాని అప్పు తీరి, నాలుగు ఊళ్ళ వర్తకులు పేరు పెట్టి పిలుచునంతటి పరిచయము కలిగిన తరువాత డీసీఎముకు, దాని నుండి లారీకి ఎదుగవచ్చును. భూపాలపల్లిలో బొగ్గు, ఇసుక పనులు లారీనే కోరునట్లు కనబడును. కాని ఆ పని మన చేతిలో ఉన్నదా, గుత్తేదారు చేతిలో ఉన్నదా అని విచారించి గాని అడుగు వేయరాదు. గుత్తేదారు మారిన మరునాడు నిలిచిపోవు లారీ మన వాకిట నిలిచిన అప్పువానితో సమానము.

బండి చిన్నదైనను యజమాని తానైనప్పుడు ఆ గౌరవము చిన్నది కాదు. పెద్ద బండి తాళపుచెవి తన జేబులో, ఆర్.సి. ఫైనాన్సువాని బీరువాలో ఉన్నప్పుడు ఆ గౌరవము తనది కాదు. మన సోదరులు ఈ భేదమును గుర్తించి, లెక్క చూచుకొని, నిదానముగా ముందుకు సాగవలెనని మా కోరిక.