కాలికి మేకు దిగినా తెలీకపోతే...

తెల్లారగట్ల వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి రండి. జెట్టీ మీద ఐసు నీళ్లు, చేప పొలుసు, ముళ్లు. వాటి మధ్యన ఉత్తికాళ్లతో తట్టలు మోసే మా అప్పలు, అమ్మలు. వాళ్లలో ఒకమ్మ ఆమధ్య నాతో అన్నాది: "తమ్ముడా, కాలికి మేకు దిగిపోనాది. నాకు తెలీనేదు. రగతం సూసి మనవరాలు కేకేసింది." ఆమెకి పదేళ్లుగా సుగరుంది. నొప్పి నేదు కదా అని ఊరుకుంది. పుండు ముదిరింది. ఆఖరికి బొటనవేలు తీసేశారు.

నొప్పి లేకపోతే అదృష్టం అనుకుంటాం. ఇక్కడ అదే ప్రమాదం.

దీన్ని డాక్టర్లు పెరిఫెరల్ న్యూరోపతీ అంటారు. అంటే కాళ్లూ చేతుల నరాలు దెబ్బతినడం. ఒంట్లో అన్నిటికన్నా పొడుగైన నరాలు పాదాలకి పోతాయి. అందుకే రోగం ఎక్కువగా కాలివేళ్ల దగ్గరే మొదలవుతాది. మొదట చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటాది. రాత్రిపూట మంట. తరవాత మేజోడు తొడిగినట్టు మొద్దుబారిపోతాది.

ఎందుకొస్తాది? ముందు వరస సుగరుది. తరవాత తాగుడు: సారా నరాలకి విషం, పైగా తిండి తగ్గి బి1 విటమిను పడిపోతాది. బి12 తగ్గినా వస్తాది. మెట్‌ఫార్మిన్ బిళ్ల ఏళ్ల తరబడి వేసుకున్నోళ్లలో బి12 తగ్గొచ్చు. టీబీ మందు ఐసోనియాజిడ్ వల్ల కూడా వస్తాది, బి6 బిళ్ల ఇచ్చేది అందుకే. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్టేమో చూపించాలి. దానికి గవర్నమెంటు ఆస్పత్రిలో మందు ఉచితం.

మరి మనమేటి చెయ్యాలి?

రోజూ రాత్రి పాదాలు చూడాలి. అమ్మకి కళ్లు ఆనకపోతే నువ్వు చూడు తమ్ముడూ, సెల్‌ఫోన్ లైటేసి వేళ్ల సందుల్లో కూడా చూడు. ఐసులో కాళ్లు కొంకర్లు పోయాయని వేణ్నీళ్లలో పెట్టడం, నిప్పు దగ్గర కాచడం వద్దు. చర్మం కాలినా తెలీదు. జెట్టీ మీద గమ్‌బూట్లు, వీధిలో మెత్తటి ఎంసీఆర్ చెప్పులు. వేసుకునే ముందు లోపల రాయో ముల్లో ఉందేమో దులపాలి.

మంటకి మామూలు నొప్పిబిళ్లలు పెద్దగా పని చెయ్యవు. సుగరున్నోళ్లు వాటినే మింగుతా ఉంటే కిడ్నీలు పాడవుతాయి. ప్రీగాబాలిన్, డులోక్సెటీన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టరు చూసి రాయాలి. వీటిలో కొన్నిటికి మత్తు, తల తిరుగుడు ఉంటాది. కొత్తగా మొదలెట్టి వేటకి పోతే బోటు మీంచి పడిపోతారు. ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. లోపమేటో చూడకుండా "నరాల సూదులు" పొడిపించుకుంటే డబ్బు దండగ. రోజుల్లోనే రెండు కాళ్లూ చచ్చుబడి, ఆ నీరసం పైకి పాకుతుంటే మాత్రం ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఇదంతా మన జాగ్రత్త. సర్కారు పనేటి మరి? పాటలయ్యి, చేప అమ్ముడయ్యేసరికి పొద్దెక్కిపోతాది. అప్పుడు కేజీహెచ్‌కి పోయి లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. పాదంలో స్పర్శ ఉందో లేదో చూడ్డానికి పెద్ద మిషన్ అక్కర్లేదు, 10 గ్రాముల బరువుకి వంగే నైలాను పోగు ఒకటి చాలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, కలాసీలు ఇంటి కాడే ఉంటారు. ఆ రోజుల్లో సాయంత్రం పూట హార్బర్‌లోనే సుగరు, పాదాలు చూసే క్యాంపు పెట్టమని అడుగుదాం.

బోటుకి ఏటేటా అడుగు చూసి, చిల్లుంటే పూడుస్తాం. అమ్మ పాదం అంతకన్నా తక్కువా? ఈ రాత్రే చూడండి.