గాలివేడిమిలో స్టేకు

‘ఎయిర్ ఫ్రయర్’ అను పేరులోనే ఒక చిన్న పొరపాటు దాగియున్నది. మన భాషలో వేపుడు అనగా నూనెతోనో నేతితోనో మూకుడులో జరుగు పని. ఈ పెట్టెలో మూకుడు లేదు, కాగిన నూనెయు లేదు. పైభాగమున విద్యుత్తుచే ఎఱ్ఱబారు తీగచుట్ట, దాని మీద ఒక పంకా, క్రింద జల్లెడవంటి అడుగుగల బుట్ట - ఇంతియే దీని సామగ్రి. పంకా వేడిగాలిని బుట్ట చుట్టును వేగముగా త్రిప్పుచుండును. కనుక దీనిని చిన్న గాలిపొయ్యి యనుటయే న్యాయము. ఈ తెరగు పొయ్యి క్రొత్తదియు కాదు. 1945 ప్రాంతమున అమెరికాలో విలియం మాక్సన్ అను నాతడు, గడ్డకట్టించిన భోజనములను విమానములలో వేడిచేయుటకు పంకాగల పొయ్యిని నిర్మించెను. నెదర్లాండ్సునకు చెందిన ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనమున ఎయిర్ ఫ్రయరును ప్రకటించినప్పుడు, బంగాళాదుంప ముక్కలను కొలది నూనెతో కరకరలాడునట్లు చేయుటయే దాని ముఖ్యోద్దేశము. అట్టి పెట్టెలో స్టేకు వండవచ్చునా, వండినచో ఎట్లుండును అనునది నేటి మా ప్రసంగ విషయము.

స్టేకు అనగా పాశ్చాత్యదేశములలో ఎద్దుమాంసమును కండపీచునకు అడ్డముగా మందపు బిళ్ళలుగా కోసి, ఎముకను కరగించు దీర్ఘపాకము లేకుండ, కొలది నిమిషములలో కాల్చి తినునట్టి వంటకము. ఆ మాట ప్రాచీన నార్సు భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. పుల్లకు గ్రుచ్చి కాల్చుట అని దాని మూలార్థము. మన కిదియు అపరిచితము కాదు. సంస్కృతమున శూల్యమాంస మనగా అదియే. అభిజ్ఞానశాకుంతలము ద్వితీయాంకమున విదూషకుడు, వేటకు పోయిన రాజు వెంట తిరుగుచు వేళగానివేళ ఈ కాల్చిన మాంసమే తినవలసి వచ్చుచున్నదని మొఱపెట్టుకొనును. ఎద్దుమాంసము తినుట తినకపోవుట ఎవరి ఆచారము వారిది. ఆ చర్చ మాకు పనిలేదు. అది తినని యింట వేటమాంసపు నడుమభాగపు ముక్కలకును ఇందు చెప్పబోవు సూత్రములే వర్తించును.

ఇంతకును ఈ ప్రశ్న ఎందుకు పుట్టినది? అమెరికాలోను ఇంగ్లండులోను అద్దెగదులలో నుండువారికి - వారిలో మన తెలుగు విద్యార్థులును ఉద్యోగులును అనేకులు - ఇనుపపెనము మీద మాంసము కాల్చుట యనగా గదినిండ పొగ, పైకప్పున పొగగంట మోత, ఇరుగుపొరుగు వారి యెదుట తలవంపు. మూతగల పెట్టెలో ఆ బాధ చాలవఱకు తగ్గును. కాని స్టేకు మాంసము చవుక వస్తువు కాదు. పులుసుకూర కొంత చెడినను ఉప్పో చింతపండో కలిపి సవరింపవచ్చును. స్టేకు రెండు నిమిషములు మించి కాలినచో దానిని వెనుకకు త్రిప్పు మార్గము లేదు. కావున యంత్రముతో వచ్చిన పుస్తకమున ‘ఇన్ని నిమిషములు’ అని వ్రాసియున్నదానిని నమ్ముటకు ముందు లోపల జరుగునదేమో తెలిసికొనుట మేలు.

నూఱు డిగ్రీల మరిగిన నీటిలో వ్రేలు పెట్టినచో తక్షణమే బొబ్బ లెక్కును. రెండువందల డిగ్రీల పొయ్యిలో చేయి క్షణకాలముంచి తీసినను కాలదు. గాలి వేడిని మోయు శక్తియు తక్కువ, అందించు శక్తియు తక్కువ. పంకా చేయు మేలేమనగా, మాంసమును అంటిపెట్టుకొని యుండు చల్లని గాలిపొరను ఎప్పటికప్పుడు తుడిచివేసి క్రొత్త వేడిగాలిని తాకించుట. అయినను కాగిన ఇనుముతోగాని రాతితోగాని అది సాటి రాదు. హైదరాబాదున ‘పత్థర్ కా గోష్త్’ చేయువారిని చూచినవా రిది ఎఱుగుదురు. నిప్పులమీద కాగిన నల్లరాతిబండపై పలుచని మాంసపు ముక్క వేయగనే చుఱ్ఱుమని అంటుకొని, క్షణములలో రంగు తిరుగును. అది రాయి తాకిడి; ఇది గాలి తాకిడి. ఎయిర్ ఫ్రయరులో పలుచని ముక్క వేసినచో పైభాగము ఎఱ్ఱబారులోపల లోభాగము ఎండిపోవును. అందుచేత ఈ పెట్టెకు మందపు ముక్కయే తగును. రెండున్నర సెంటీమీటర్లకు, అనగా అంగుళమునకు, తక్కువ కారాదు.

గాలికి మఱియొక శత్రువు తడి. ఒక గ్రాము నీటిని ఇరువది డిగ్రీలనుండి మరుగువఱకు వేడిచేయుటకు 80 కాలరీల వేడి చాలును. ఆ మరిగిన గ్రామును ఆవిరిగా మార్చుటకు మాత్రము సుమారు 540 కాలరీలు కావలయును. మాంసము పైని తడి ఉన్నంతసేపు వచ్చిన వేడి యంతయు ఆ ఆవిరికే వ్యయమగును. పైపొర నూఱు డిగ్రీలను దాటజాలదు. మనము కోరు గోధుమవన్నెయు కమ్మని వాసనయు దాదాపు 140 డిగ్రీలు దాటినగాని చురుకుగా పుట్టవు. మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములకును చక్కెరలకును వేడిలో జరుగు ఈ సంయోగమును ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమీల్ మెయార్ 1912లో ప్రకటించెను. అమెరికాలో జాన్ హాడ్జ్ 1953లో దాని క్రమమును విశదపఱచెను. రొట్టె పైపొర, వేగిన కాఫీగింజ, కాలిన మాంసము - వీని పరిమళములకు మూల మదియే. దీనినిబట్టి వంటవారు చేయవలసిన పని యొక్కటి స్పష్టము. ముక్కను శుభ్రమైన గుడ్డతోనో కాగితముతోనో అన్నివైపుల అద్ది పొడిగా చేయవలెను. ఈ ఒక్క పని మానినవారికి తక్కిన శ్రద్ధ యంతయు సగము వృథా.

ఉప్పు సంగతియు ఇందులోనిదే. ఉప్పు చల్లిన కొలది నిమిషములకు మాంసమునుండి నీరు పైకి ఊరును. ముప్పావుగంట గడచినచో ఆ ఉప్పునీరు చాలవఱకు తిరిగి లోనికి ఇంకును. కనుక ఉప్పు వేసిన వెంటనే వండవలెను, లేదా నలుబది నిమిషములకు తక్కువ కాకుండ ఆగవలెను. నడుమ పదినిమిషములకు వండుట అన్నిటికంటె చెడ్డది. ముందురాత్రియే ఉప్పు రాచి, మూతలేకుండ శీతలపు పెట్టెలో నుంచినచో పైపొర చక్కగా ఆఱును. మా మట్టునకు అదియే ఉత్తమమని తోచును.

ఇచ్చట ఒక పాతనమ్మకమును ప్రస్తావింపక తప్పదు. మొదట తీక్ష్ణమైన వేడిమి తగిలించినచో పైపొర మూసికొని రసము లోపలనే నిలుచునని జర్మను రసాయనవేత్త లీబిగ్ 1847లో వ్రాసెను. ఆ మాట ఐరోపా వంటశాలలన్నిటను వేదవాక్యమై నిలిచెను. 1930లలో తూచి చూచిన పరిశోధకులకు అది నిజముగ కనబడలేదు. అట్లు కాల్చిన మాంసము మిగిలినదానికంటె తక్కువ రసమును కోల్పోలేదు. పెనముమీది చుఱ్ఱుమను ధ్వని లోపలినుండి రసము వచ్చుచునే యున్నదనుటకు సాక్ష్యము కదా! ఎఱ్ఱగా కాల్చుట రుచికొరకే గాని రసమునకు తాళము వేయుటకు కాదు. రసము నిలుచుట లోపలి ఉష్ణోగ్రతపై ఆధారపడును.

ఆ ఉష్ణోగ్రతల కథ యిట్టిది. యాబది డిగ్రీల ప్రాంతమున కండలోని మయోసిన్ అను మాంసకృత్తు గడ్డకట్ట మొదలిడును. పచ్చిమాంసపు జిగురు పోయి ముక్క బిగువెక్కును. అరువది దాటగనే కండపోగులను చుట్టియుండు కొల్లాజెన్ పొరలు కుంచించుకొని, తడిబట్టను పిండినట్లు రసమును వెలికి నెట్టును. డెబ్బదికి పైన ముక్క బిఱుసై బూడిదవన్నె దాల్చును. మఱి మన ఇండ్లలో గంటసేపు ఉడికిన మేకమాంసము మెత్తన గుటెట్లు? ఆ కొల్లాజెనే తడివేడిమిలో చాలసేపు నానినచో కరగి జిగటరసముగా మారును. తొడ, భుజము వంటి పనిచేసిన కండలకు ఆ దీర్ఘపాకము వలయును. స్టేకునకు అంత వ్యవధి లేదు గనుక వెన్నెముకను ఆనుకొనియుండి అంతగా శ్రమపడని కండలనే - రిబ్‌ఐ, సర్‌లాయిన్, ఫిల్లెట్ అని పిలువబడువానిని - ఎన్నుకొందురు. పులుసుకు కొన్న ముక్కను ఈ పెట్టెలో పెట్టి ‘రబ్బరువలె నున్నది’ అని యంత్రమును నిందించుట ధర్మము కాదు.

ఇక వండు విధము. పెట్టెను 200 డిగ్రీలకు పెట్టి అయిదు నిమిషములు ఖాళీగా కాగనీయవలెను. పొడిగా అద్దిన ముక్కకు ఒక చెంచాడు నూనె పలుచగా రాచి బుట్టలో ఒంటరిగా నుంచవలెను. ముక్కపై ముక్క పేర్చినచో గాలి దూరదు. అంగుళము మందపు ముక్కకు నడుమ ఒకసారి త్రిప్పుచు ఎనిమిదినుండి పది నిమిషములు పట్టును. కాని యంత్రమునకు యంత్రమునకు, ముక్కకు ముక్కకు భేదముండును గనుక ఆఱవ నిమిషమునుండియే సూదివంటి ఉష్ణమాపకమును ముక్క ప్రక్కనుండి నడిబొడ్డునకు గ్రుచ్చి చూచుచుండవలెను. లోపల ఎఱ్ఱగా మృదువుగా కావలయునన్నచో 52 డిగ్రీలకు తీయవలెను; గులాబివన్నె కావలయునన్నచో 58కి. తీసిన తరువాత పైపొరలోని వేడి లోనికి ప్రాకి మఱి రెండు మూడు డిగ్రీలు పెంచును. అందుచేత అయిదు నిమిషములు పళ్ళెములో నుంచి, పిదప పీచునకు అడ్డముగా కోయవలెను. పీచు వెంబడి కోసినచో పొడవైన నారలు నోట చిక్కుకొనును.

ఆ పళ్ళెములో చేరు ఎఱ్ఱని ద్రవమును చూచి రక్తమని జంకువారు కలరు. అది రక్తము కాదు. నీటిలో కరగిన మయోగ్లోబిన్ అను కండరంజకము. అది అరువది దాటిన పిమ్మట క్రమముగా గోధుమవన్నె తాల్చును. అయితే రంగును చూచి క్షేమమును నిర్ణయింపరాదు. అమెరికా వ్యవసాయశాఖ ముక్కమాంసమునకు లోపల 63 డిగ్రీలును, ఆపై మూడు నిమిషముల విరామమును విధించుచున్నది; పైన మేము చెప్పిన ఎఱ్ఱని పాకము ఈ మేరకు తక్కువదే. కోయని కండలో హానికర క్రిములు సాధారణముగా పైభాగముననే యుండుననియు, పైభాగము చక్కగా కాలినచో లోపల ఎఱ్ఱగా నున్నను పెద్దలు తినవచ్చుననియు ఇంగ్లండు ఆహారాధికారుల అభిప్రాయము. గర్భిణులకు, పసివారికి, వృద్ధులకు, రోగపీడితులకు మాత్రము 63కు తక్కువ వడ్డించుట సాహసము. కైమాకు ఈ వెసులుబాటు ఎవ్వరికిని లేదు; కొట్టినప్పుడు పైభాగము లోనికి కలిసిపోవును గనుక అది 71 డిగ్రీలు చేరియే తీరవలెను. మెత్తబడుటకై సూదులతో పొడిచి అమ్ము ముక్కలనుగూడ లోపల బాగుగా వేడి తగులునట్లే వండవలెను.

ఫలితమెట్లుండును? మా అభిప్రాయము దాపరికము లేకుండ చెప్పుదుము. లోపలి పాకము చక్కగా కుదురును. పెనమునకంటె సమముగా కుదురునన్నను తప్పులేదు. పైపొర మాత్రము ఇనుపపెనముమీది స్టేకునకు తీసికట్టే. వన్నె వచ్చును గాని, ఆ కరకర రాదు. రెండును కావలయుననువారికి ఒక ఉపాయము కలదు. పెట్టెను 120 డిగ్రీలకే పెట్టి, లోపల 47, 48 వచ్చువఱకు నెమ్మదిగా కాగనిచ్చి, తీసి, తడి అద్ది, బాగుగా కాగిన పెనముపై ప్రక్కకొక నిమిషము చొప్పున కాల్చవలెను. పైపొర అప్పటికే ఆఱియుండును గనుక ఆ నిమిషము చాలును. పొగ రాకపోదు గాని, కిటికీ తెఱచి ఓర్చుకొనదగినంతయే వచ్చును.

పెట్టెలోను కొంత పొగ పుట్టవచ్చును. కొవ్వు కరగి అడుగుతట్టలో పడి కాగుటయే దానికి కారణము. ముక్క అంచున మిక్కుటముగా నున్న కొవ్వును ముందే కోసివేసినచో తగ్గును. ఒక ముక్క తరువాత మఱియొకటి వండునప్పుడు తట్టను తుడిచి పెట్టవలెను. కాగునప్పుడు ఖాళీబుట్టలో వట్టి కాగితము పఱువరాదు. గాలికి లేచి తీగచుట్టను తాకి అంటుకొనును. నూనెను డబ్బాలనుండి పిచికారిగా చల్లుట కొందరికి అలవాటు. ఆ డబ్బాలలోని ఇతరద్రవ్యములు బుట్టపూతను పాడుచేయును గనుక చేతితో రాచుటయే మంచిది. మిగిలిన ముక్క మఱునాడు తిరిగి 200 డిగ్రీలలో పెట్టినచో తోలగును. 120లో మూడు నాలుగు నిమిషములుంచిన చాలును. లేదా చల్లగానే పలుచగా తఱిగి, ఉల్లిపాయ, నిమ్మరసము, మిరియపుపొడి కలిపి తినవచ్చును.