నాపరాతి కడుపులో పాతాళగంగ

కృష్ణా డెల్టాలో పాతకాలపు పెంకుటింట్లో అడుగుపెడితే ముందుగా పాదాన్ని పలకరించేది నాపరాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో కూడా వసారాలో ఆ బండ చల్లగా, నున్నగా, వానమబ్బు రంగులో మెరుస్తూ ఉంటుంది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే నీలి నలుపు పొంగుకొస్తుంది. ఆరితే మళ్లీ బూడిద వన్నెకు తిరుగుతుంది. వంగి చూస్తే అంచు వెంబడి సన్నని పొరలు కనిపిస్తాయి, ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పలచని కాలాలు. తాడిపత్రి నుంచో బేతంచర్ల నుంచో లారీ ఎక్కి వచ్చిన రాయి అది. సంక్రాంతికి గోడలకు కొట్టే తెల్లసున్నమేమో పిడుగురాళ్ల బట్టీల్లో కాలి వస్తుంది. నేలన పరిచిన ఆ నలుపూ, గోడకు పూసిన ఈ తెలుపూ ఒకే తల్లి బిడ్డలు. భూమ్మీద గడ్డిపోచ మొలవకముందు, నీళ్లలో చేపపిల్ల ఈదకముందు, ఇప్పటి రాయలసీమ మీదా పల్నాడు మీదా ఒక సముద్రం పరుచుకుని ఉండేది. దాని అడుగున కోట్ల ఏళ్లపాటు పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి ఈ రాయైంది. ఆ సముద్రం ఎప్పుడో వెళ్లిపోయింది. దాని అడుగుభాగాన్ని మాత్రం మనం ఇళ్లలో పరుచుకుని, భోజనానికి కూర్చుంటున్నాం.

బెజవాడ కొండలది వేరే పుట్టుక. కృష్ణమ్మకు అటూ ఇటూ నిలబడిన ఆ ఎర్రటి, మొరటు కొండల రాయి నీటికి కరగదు. నది పక్కనే పారినా వాటి లోపల గుహలు పుట్టలేదు. అందుకే ఇక్కడ మనిషే ఉలి పట్టాడు. మొగల్రాజపురం కొండ అంచున అయిదో శతాబ్దపు చిన్న చిన్న గుహాలయాలు, ఇంద్రకీలాద్రి పాదం దగ్గర అక్కన్న మాదన్న గుహలు, నదికి ఆవలి ఒడ్డున నాలుగు అంతస్తుల ఉండవల్లి. ఉండవల్లి మూడో అంతస్తులో శేషతల్పం మీద పవళించిన అనంతపద్మనాభుడి ముందు నిలబడితే, అంతటి స్వామిని కొండలోంచి విడిపించిన చేతులకు మొక్కాలనిపిస్తుంది. వరండాలోకి వచ్చి చూస్తే కింద అరటి తోటలు, ముదురాకుపచ్చ పొలాలు, దూరంగా నీటి మీద ఎండ తళుకు. సుందరమైన చోటు. అయితే అక్కడి ప్రతి స్తంభం మీదా మనిషి గుర్తు ఉంది.

మనిషి గుర్తు లేని గుహ కావాలంటే కృష్ణకు ఎగువన, సున్నపురాతి సీమలోకి పోవాలి. పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలం ఉంది. కాలయవనుణ్ణి కంటిచూపుతో భస్మం చేసిన ముచికుందుడు నిద్రించిన చోటు ఇదేనని జనం నమ్ముతారు. కారెంపూడి రణరంగంలో అంతా ముగిశాక బ్రహ్మనాయుడు ఈ చీకట్లోకే నడిచి వెళ్లాడని పల్నాటి కథ చెబుతుంది. అన్నీ పోగొట్టుకున్న వీరుడికి ఆ కథ కట్టినవాళ్లు చూపించిన దారి నేల లోపలికే. ఆ రాతిపొరనే పట్టుకుని ఇంకా పశ్చిమంగా, ఎర్రమల కొండల దాకా వెళ్తే బెలుం వస్తుంది.

నంద్యాల జిల్లా, కొలిమిగుండ్ల మండలం. కనుచూపుమేర చదునైన మెట్ట. నల్లరేగడి చేలు, వాటి మధ్య గోధుమరంగు బీళ్లు, తుమ్మచెట్ల పలుచని నీడ. కొండ లేదు, లోయ లేదు, కింద ఏదో ఉందని చెప్పే ఆనవాలే లేదు. ఆ సమతలం మీద హఠాత్తుగా నేల నోరు తెరుస్తుంది. బావుల్లాంటి మూడు గోతులు. వాటిలో నడిమిదే కింది లోకానికి వాకిలి. మెట్లు దిగుతుంటే ముందు ఆకాశం చిన్నదవుతుంది. ఎండ తెల్లదనం పసుపుగా, పసుపు తేనె రంగుగా, తేనె రంగు ఊదాగా మారుతుంది. మీద వీచిన పొడిగాలి ఎక్కడో ఆగిపోతుంది. దాని చోట గోరువెచ్చని, తేమ నిండిన, తడిమట్టి వాసన వేసే ఊపిరి ముఖానికి తగులుతుంది. నడినెత్తిన బండ, దాని మీద ఎవరో జొన్న వేసుకున్న చేను.

ఇక అక్కడి నుంచి నేల మట్టసంగా సాగుతుంది. ఒకచోట గుడి మండపమంత విశాలంగా, ఇంకోచోట మనిషి ఒళ్లు వంచి, తల దించి, నమస్కరిస్తున్నట్టుగా దూరాల్సినంత ఇరుకుగా. గోడలు చెక్కినట్టు ఉండవు, ఒలికినట్టు ఉంటాయి. వంపు మీద వంపు, ఒంపులో నీడ. నీళ్లు సుడి తిరిగిన చోట రాయిలో ఇప్పటికీ సుడి ఉంది. ప్రవాహం మలుపు తిరిగిన చోట గోడ నడుము వంచింది. నది వెళ్లిపోయి ఎంత కాలమైందో, దాని నడక మాత్రం బండలో అలాగే నిలిచిపోయింది. దీపాల పసుపు వెలుగు పడిన మేర గోడ పండిన తాటిపండు రంగులో, వెలుగు అందని వార కాటుక నలుపులో కనిపిస్తుంది. మధ్య మధ్య తెల్లని స్ఫటికపు చార ఒకటి మెరుపులా దూసుకుపోతుంది.

ఒకచోట ఆగి కప్పు వైపు చూడండి. వేయిపడగలు అంటారు ఆ చోటును. పైనుంచి రాయి విప్పారిన పడగలుగా దిగి వస్తుంది. పడగ పక్కన పడగ, పడగ వెనక పడగ, అంచులు పలుచబడి, నడుము ఉబ్బి, కొసలు కాస్త ముందుకు వంగి. కదలడం లేదని తెలుసు. అయినా వెలుగు మారినప్పుడల్లా వాటి నీడలు గోడ మీద పాకుతుంటే పాదం దానంతటదే వెనక్కి పడుతుంది. ఒక పడగ కొసన చిన్న నీటిబొట్టు. చాలాసేపు చూస్తే గాని అది పెరుగుతోందని తెలియదు. ముందు తడి మెరుపు, తరవాత గుండ్రని కాంతి, అందులో తలకిందులుగా గుహ అంతా. పైన చేనులో పడ్డ వాన గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కాస్త కలుపుకుని, పగులు పగులుకూ జారి, వచ్చే దారిలో రాతిని అణువణువూ కరిగించి మోసుకొస్తుంది. ఇక్కడ గాలి తగిలాక ఆ సున్నాన్ని వదిలి జారిపోతుంది. వదిలింది కంటికి కనబడనంత. ఈ వేయి పడగలూ ఆ కంటికి కనబడనంతతోనే పెరిగాయి. ఇంతటి ఓర్పు మనుషుల ఊహకు అందేది కాదు. అందుకే కాబోలు, ఇక్కడికి వచ్చిన ప్రతివాడి నోటా దేవుడి పేరే ముందు వస్తుంది.

కోటిలింగాల దగ్గర ఆ మాట మరీ నిజం. నేల మీద నుంచి లేచినవీ, కప్పు నుంచి దిగినవీ, లెక్కకు అందనన్ని శివలింగాకారాలు తడితో నిగనిగలాడుతూ ఒక్కచోట గుమిగూడి ఉంటాయి. ప్రతిష్ఠించిన పూజారి లేడు, అభిషేకం మాత్రం ఆగలేదు. మరో పక్క ఊడలమర్రి. లావుపాటి రాతి మానులోంచి, కప్పు నుంచి వేలాడే ఊడలతో, ఆకు ఒక్కటి లేని మహావృక్షం. సింహద్వారం దగ్గర రాయి తనంతట తానే సింహపు తలగా వంపు తిరిగి దారికి తోరణం కట్టింది. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్లను కర్రముక్కతో మెల్లగా తాకితే ఒకటి కంచు గంటలా, మరొకటి మృదంగంలా పలుకుతుంది. 2006లో ఆ భాగాన్ని కూడా సందర్శకులకు తెరిచారు. నాకైతే ఆ రాళ్లను కొట్టకుండా, వాటి నుంచి బొట్లు రాలే చప్పుడు వింటూ నిలబడటమే ఎక్కువ ఇష్టం. ధ్యానమందిరం అనే చోట మనిషి ఒరగడానికి వీలుగా పక్క, తలగడ పరిచినట్టు రాయి అమరింది. ఒకప్పుడు బౌద్ధ, జైన భిక్షువులు ఈ గుహల్లో తలదాచుకున్నారని చెబుతారు.

ఇంత వైభవానికీ మనుషుల దగ్గర ఆదరణ చాలా ఆలస్యంగా దొరికింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. దక్షిణ భారతంలో ఆదిమానవుడి రాతి పనిముట్లను వెలికితీసినవాడు ఆయనే. ఆ తరవాత దాదాపు నూరేళ్లు చదువుకున్న లోకం అటు తొంగిచూడలేదు. 1982లో డానియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చారు. పాకుతూ, బురదలో ఈదుతూ, దీపం చేతబట్టుకుని 1984 దాకా కొలతలు తీసి పటం గీశారు. లోపలి ఒక విశాలమైన హాలు ఆయన పేరుతోనే ఉంది. మొత్తం పొడవు 3,229 మీటర్లని తేలింది. మేఘాలయ గుహలను పక్కన పెడితే, మైదాన ప్రాంతంలో ఇంత పొడుగైన గుహ మన దేశంలో మరొకటి లేదు.

ఆ పటం గీసే నాటికి గుహ నోట్లో ఏముందో చెప్పడానికి మనసొప్పదు. చెత్త. చుట్టుపక్కల ఊళ్లు చెత్త పారబోసుకునే గొయ్యి అది. 1988 దాకా అదే పరిస్థితి. దాన్ని మార్చినవాళ్లు దూరం నుంచి రాలేదు. ఆ పక్క ఊళ్ల పెద్దమనుషులు, రిటైరైన పోలీసు అధికారి ఒకరు, మరికొందరు తమ ఇంటి వ్యవహారంలా దీన్ని నెత్తిన వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ప్రభుత్వం గుహలను రక్షిత స్థలంగా ప్రకటించింది. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ చేతికి వచ్చాక బురద తోడి బాటలు వేశారు, ఊపిరాడని చోట్లకు గాలి గొట్టాలు దించారు, దీపాలు పెట్టారు. 2002 ఫిబ్రవరిలో జనానికి తలుపులు తెరుచుకున్నాయి. ఆ పెద్దల పేర్లు వాకిట్లో బండ మీద పెద్దక్షరాలతో ఉండాలని నా కోరిక.

ప్రపంచానికి ఆవలి వైపు, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, ఓజార్క్ కొండల మీద బెలుంకు వరసకు చెల్లెలు లాంటి గుహ ఒకటి ఉంది. పేరు మార్వెల్ కేవ్. దానికీ నేలలో నోరే వాకిలి. ఆ నోట్లోంచి దిగితే 200 అడుగుల పైచిలుకు ఎత్తున్న ఒకే ఒక్క మహామండపం. ఓసేజ్ తెగవాళ్లు దాన్ని చూసి భయపడి దూరంగా మసలేవారు. తరవాత చలవరాయి దొరుకుతుందని వచ్చినవాళ్లకు గబ్బిలాల పెంట దొరికితే, అది తవ్వుకుని అమ్ముకున్నారు. 1889లో విలియం లించ్ అనే కెనడా దేశస్థుడు దాన్ని కొన్నాడు. 1894 నుంచి జనానికి చూపించాడు. ఆయన తరవాత ఇద్దరు కూతుళ్లు ఆ దీపం పట్టుకున్నారు. 1950లో షికాగో నుంచి వచ్చిన హ్యూగో, మేరీ హెర్షెండ్ దంపతులు 99 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. అయిదేళ్లకే హ్యూగో కన్నుమూశాడు. మేరీ కుంగిపోలేదు. ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని గుహను నడిపింది. గుహలోకి దిగడానికి వంతు కోసం ఎదురుచూసే జనానికి కాలక్షేపంగా ఉంటుందని 1960లో గుహ నోటి పక్కనే పాతకాలపు కొండపల్లె ఒకటి కట్టారు. కమ్మరి కొలిమి, చెక్క చర్చి, చిల్లరగా చేతికి ఇచ్చే వెండి డాలరు. ఆ పల్లె పెరిగి పెద్ద వినోద నగరమైంది. సిల్వర్ డాలర్ సిటీ అనే ఆ నగరానికి ఇప్పుడు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పైనున్న రంగులరాట్నాల కోసమే వస్తారు. గుహ ఇంకా ఆ కుటుంబం చేతిలోనే, ఆ నగరం కిందే ఉంది.

బెలుం పైన అలాంటి నగరం వెలవలేదు. చేల మధ్య తెల్లని బుద్ధుడి పెద్ద విగ్రహం ఒకటి కూర్చుంది, అంతే. అదే మేలనిపిస్తుంది నాకు. అయితే పక్కనే నాపరాతి క్వారీలు ఉన్నాయి, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. రాయి అమ్ముకోవడం ఆ సీమ బతుకుతెరువు, దాన్ని తప్పుపట్టలేం. మన డెల్టా ఇళ్లకు పరిచిన బండలు కూడా అక్కడివే. కానీ బెలుంలో వేలాడే ఒక్క పడగ విరిగితే మళ్లీ మొలిపించగల మేస్త్రీ ఎక్కడా లేడు. చేతి జిడ్డు అంటినా చాలు, ఆ చోట సున్నం సరిగా పట్టదు, పెరుగుదల ఆగిపోతుంది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ ఒక్క మాట మెట్లు దిగేముందే వాళ్లకు చెప్పాలి. దిగాక చెబితే వినే స్థితిలో ఉండరు.

అన్నిటికంటే లోతున, భూమట్టానికి 46 మీటర్ల కింద, పాతాళగంగ ఉంది. అక్కడికి వెళ్లేసరికి ఒళ్లంతా చెమటతో తడుస్తుంది, చొక్కా వీపుకు అతుక్కుంటుంది. చివరి మెట్ల దగ్గర సన్నని సవ్వడి చెవిన పడుతుంది. రాతి పళ్లెంలోకి జారే నీరు, తాకితే మెత్తగా, చూస్తే లేనంత తేటగా. ఎండాకాలమైనా ఎండని ఆ పాయ ఆగ్నేయం నుంచి వాయవ్యానికి కొంత దూరం పారి, బండ సందులోకి దూరి మాయమవుతుంది. ఆ నీళ్లే రెండు కిలోమీటర్ల దూరంలో బెలుం ఊరి బావిలో తేలతాయని ఊరివాళ్ల నమ్మకం. గుహను కరిగించి కట్టిన నీళ్లు ఇవే, ఇప్పటికీ పనిలో ఉన్నాయి.

బెజవాడ నుంచి వెళ్లేవాళ్లు తాడిపత్రిలో రైలు దిగితే అక్కణ్ణుంచి ముప్పై కిలోమీటర్లు. చలికాలం మంచిది, లోపలి ఉక్క కాస్త తగ్గుతుంది. నూలు బట్టలు వేసుకోండి, తాగడానికి నీళ్లు పట్టుకెళ్లండి, తొందర పెట్టే బృందంతో మాత్రం వెళ్లకండి. చూపించేది కిలోమీటరున్నర. దానికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. తిరుగు ప్రయాణంలో యాగంటి కొండలో సహజంగా ఏర్పడిన గుహలూ, బండ సందులోంచి కోనేట్లోకి దూకే ధారా చూడొచ్చు. ఓపిక మిగిలితే, పెన్నేరు కోసిన గండికోట లోయ కూడా ఆ దారికి మరీ దూరమేమీ కాదు.