గుంజీలు తీస్తే బలం ఎందుకొస్తుంది?

మొదటి రోజు ఇరవై గుంజీలకే కాళ్లు వణుకుతాయి. రెండు మూడు వారాలు వదలకుండా తీస్తే ఆ ఇరవై హాయిగా అయిపోతాయి. టేపుతో కొలిచి చూడండి, తొడలు పెద్దగా లావెక్కవు. మరి ఆ బలం ఎక్కడిది?

కండ అంటే వేలకొద్దీ సన్నని పోగుల కట్ట. నరాల ద్వారా వాటిని పనికి పిలిచేది మెదడు. పెళ్లింట్లో యాభై మంది చుట్టాలున్నా వడ్డనకు నలుగురినే పిలిస్తే ఆ నలుగురూ చతికిలపడరూ? అలవాటు లేని కండ సంగతీ అంతే. సాధన చేసేకొద్దీ ఎక్కువ పోగుల్ని ఒక్కసారిగా పిలవడం మెదడు నేర్చుకుంటుంది. తొలి వారాల్లో వచ్చే బలం చాలావరకు ఇదే!

ఆ తర్వాత పోగులే మందమవుతాయి. శ్రమపడ్డ కండకు శరీరం కొత్త మాంసకృత్తులు చేరుస్తుంది. ఈ పని విశ్రాంతి వేళల్లోనూ సాగుతుంది. అందుకే పప్పు, గుడ్డు, పాలతోపాటు నిద్రా కావాలి. కండ పదేపదే లాగుతుంటే ఎముక కూడా క్రమంగా గట్టిపడుతుంది.

5–17 ఏళ్లవాళ్లు వారానికి కనీసం 3 రోజులు కండలకూ ఎముకలకూ బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జిమ్ అక్కర్లేదు. పుషప్‌లు, స్కిప్పింగ్, కబడ్డీ చాలు. బళ్లో శిక్షగా వాడి గుంజీలకు చెడ్డపేరు తెచ్చారు గానీ, అవీ మంచి వ్యాయామమే. బరువులెత్తాలనుంటే మాత్రం శిక్షకుడి దగ్గరే మొదలుపెట్టండి. అమ్మాయిలూ, ఇదంతా మీక్కూడా!