మీకు తెలుసా? పామీర్ దారిలో సైకిల్ జట్టు

తజికిస్థాన్ 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడి స్వతంత్ర దేశమైంది. దాని నేలలో నూటికి 90 పాళ్లకు పైగా కొండలే. ఆ కొండల్లోంచి సాగే పామీర్ హైవే మీద తొక్కడానికి ప్రతి వేసవిలో రకరకాల దేశాల సైకిలిస్టులు జట్లుగా వస్తారు. రాజధాని దుషాన్బేలో బయల్దేరి కిర్గిజ్‌స్థాన్‌లోని ఓష్ చేరేసరికి 1,200 కిలోమీటర్లు దాటుతుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లూ ఉన్నారు. కానీ పక్కన మనిషి ఉంటే ఎంత ధీమానో ఈ దారిలో తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

● సైన్యం కోసం పడిన రోడ్డు
ఓష్ నుంచి ముర్గాబ్ మీదుగా ఖోరోగ్ వరకు ఉన్న భాగాన్ని సోవియట్ ప్రభుత్వం 1930ల మొదట్లో వేసింది. మారుమూల సరిహద్దుకు సైన్యాన్నీ సరుకులనూ చేర్చడమే దాని పని. సోవియట్ కాలంలో విదేశీయులు ఇటు రావడం దాదాపు అసాధ్యం. ఇప్పుడు కూడా పామీర్ ప్రాంతమైన గోర్నో-బదఖ్షాన్‌లోకి వెళ్లాలంటే వీసాతో పాటు వేరే అనుమతి పత్రం ఉండాలి. దారిలోని చెక్‌పోస్టుల్లో దాన్ని చూపించాలి.

● నది అవతల మరో దేశం
ఖోరోగ్‌కు వెళ్లే దారి చాలా దూరం పంజ్ నది ఒడ్డునే సాగుతుంది. అవతలి ఒడ్డు అఫ్ఘానిస్థాన్. నది సన్నబడిన చోట అటువైపు కాలిబాట మీద గాడిదలను తోలుకుపోయే మనుషులు స్పష్టంగా కనిపిస్తారు. చెయ్యి ఊపితే వాళ్లూ ఊపుతారు. అయితే ఈ సరిహద్దులో కొన్నిచోట్ల పాత మందుపాతరలు ఇంకా ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్న వైపు ఎవరూ రోడ్డు దిగకూడదు, డేరా వేయకూడదు. జట్టులో చివరివాడి దాకా ఈ మాట చేరాల్సిందే.

● మన చరిత్ర తగిలే లోయ
కొన్ని జట్లు ప్రధాన రోడ్డు వదిలి ఇష్కాషిమ్ మీదుగా వాఖాన్ లోయలోకి తిరుగుతాయి. ఎదురుగా కనిపించే వాఖాన్ కారిడార్ అఫ్ఘానిస్థాన్‌కు తోకలా సాగిన భూభాగం. బ్రిటిష్ ఇండియా, రష్యా సామ్రాజ్యాల సరిహద్దులు ఒకదానికొకటి తగలకుండా 19వ శతాబ్దం చివర్లో దాన్ని మధ్యలో ఉంచారు. సన్నగా ఉన్న చోట దాని వెడల్పు 20 కిలోమీటర్లు కూడా ఉండదు. ఇదే లోయలోని వ్రంగ్ ఊరి పైన రాళ్లతో కట్టిన, బౌద్ధులదని చెప్పే మెట్లమెట్ల కట్టడం శిథిలాలున్నాయి. సైకిల్ కింద పెట్టి కాసేపు ఎక్కితే చూడొచ్చు. ఇస్లాం రాకముందు బౌద్ధం ఈ కొండల్లోనూ నిలిచిందనడానికి దాన్ని సాక్ష్యంగా చూపిస్తారు.

● బలం కన్నా ఓర్పు ముఖ్యం
ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు అక్‌బైతాల్ కనుమ. ఎత్తు 4,655 మీటర్లు. అక్కడి గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. అంటే ప్రతి ఊపిరిలో అందే ఆక్సిజన్ కూడా అంతే. అందుకే పర్వత వైద్యం ఒక నియమం చెబుతుంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఆగి విశ్రాంతి తీసుకోవాలి.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం ఎత్తు పడడం లేదనడానికి తొలి గుర్తులు. మాట తడబడినా, నడక తూలినా ప్రాణాపాయమే. ఆ స్థితిలో ఉన్నవాడికి తన సంగతి తనకు తెలియదు, పక్కవాడే కనిపెట్టాలి. వెంటనే కిందికి దించడమే అసలు మందు. కండలున్న కుర్రాడికీ ఇది రావచ్చు, వయసు మళ్లినవాళ్లు హాయిగా ఎక్కేయనూ వచ్చు. కాబట్టి అందరికన్నా ఇబ్బంది పడుతున్న మనిషి వేగమే జట్టు వేగం కావాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, ప్రాణాలు నిలిపే పద్ధతి.

● ఎదురుగాలిలో వంతులు
చెట్టూ చేమా లేని తూర్పు పామీర్ పీఠభూమిలో మధ్యాహ్నం అయ్యేసరికి గాలి విసురు పెరుగుతుంది. ఎదురుగాలి గట్టిగా ఉంటే చదును రోడ్డు మీద కూడా సైకిల్ నడక వేగానికి పడిపోతుంది. అప్పుడు అందరూ ఒకే వరసలోకి వస్తారు. ముందువాడి వెనక చక్రానికి దగ్గరగా తొక్కేవాడికి గాలి తాకిడి తగ్గి, శ్రమ బాగా ఆదా అవుతుంది. ముందున్నవాడు కొన్ని నిమిషాలు గాలిని కాచి, పక్కకు తప్పుకుని వరస చివరికి వెళతాడు. రెండోవాడు ముందుకొస్తాడు. అలసిపోయినవాడికి ఆ రోజు వంతు వేయరు. చీకటితోనే బయల్దేరి గాలి లేచేలోపు వీలైనంత దూరం లాగేయడం అనుభవజ్ఞుల అలవాటు.

● రోడ్డు మీద అలలు
తారు లేచిపోయిన చోట్ల కంకర రోడ్డు అడ్డంగా అలలు అలలుగా తేలి ఉంటుంది. వదులు మట్టి మీద వాహనాలు కాస్త వేగంగా పోతుంటే చక్రం చిన్న ఎగుడుదిగుడు దగ్గర ఎగిరి, పడిన చోట మట్టిని నెడుతుంది. అదే పదేపదే జరిగి వరసగా గట్లు ఏర్పడతాయి. వాటి మీద పోతే పళ్లు కదులుతాయి, సామాను స్టాండు బోల్టులు ఊడతాయి, చక్రం చువ్వలు విరుగుతాయి. రోడ్డు అంచున మెత్తగా ఉన్న సన్నని జాడను ముందువాడు వెతికి పట్టుకుంటే వెనకవాళ్లు అదే పట్టుకుని వస్తారు. విడిభాగాలు దారిలో దొరుకుతాయన్న నమ్మకం లేదు. అందుకే ఒకరు చైను పనిముట్లు, ఒకరు చువ్వలు, ఇంకొకరు అదనపు టైరు అని పంచుకుని మోస్తారు.

● 85 డిగ్రీలకే మరిగే నీళ్లు
అక్‌బైతాల్ ఎత్తులో నీళ్లు సుమారు 85 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. అన్నం, పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, ఇంధనం అయిపోతుంది. అందుకే డేరాల దగ్గర నూడుల్స్‌దే రాజ్యం.

● అతిథిని నిలిపే అయిదు స్తంభాలు
పామీర్ ఇళ్లలో రాత్రికి చోటిచ్చి భోజనం పెట్టే కుటుంబాలే ఈ యాత్రకు ఆధారం. సంప్రదాయ ఇంటిని అయిదు చెక్క స్తంభాలు మోస్తాయి. ఇక్కడ ఎక్కువమంది ఇస్మాయిలీ ముస్లింలు. ముహమ్మద్ ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్‌ల పేర ఆ స్తంభాలను చెప్పుకుంటారు. కప్పు మధ్య ఒకదానిపై ఒకటి మెలితిప్పి పేర్చిన నాలుగు చతురస్రాల చెక్క చట్రం, దానికి పైన వెలుతురు కిటికీ ఉంటాయి. గోడల పొడవునా ఎత్తయిన అరుగుల మీద పరుపులు పరుస్తారు. జట్టంతా ఒకే గదిలో నడుం వాలుస్తుంది. పొద్దున్నే ఉప్పు, పాలు, వెన్న కలిపిన షీర్‌చాయ్, అందులో తుంచి వేసుకునే రొట్టె. పెద్దగా పంటలు పండని చోట అంత మంది ముందు రొట్టె పెట్టడం చిన్న విషయం కాదు. వాళ్లు అడక్కపోయినా జట్టు డబ్బు సరిగ్గా లెక్కగట్టి ఇచ్చి రావాలి.

● ఒకే ఊళ్లో రెండు టైములు
ముర్గాబ్‌లో కిర్గిజ్ జనం ఎక్కువ. అధికారికంగా దుషాన్బే టైమే ఉన్నా, చాలామంది గంట ముందుండే కిర్గిజ్‌స్థాన్ టైము పాటిస్తారు. "పొద్దున ఆరింటికి" అనుకునేటప్పుడు ఏ ఆరో తేల్చుకోవాలి.

● ఉల్క తవ్విన చెరువు
3,900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న కారాకుల్ సరస్సు, ఉల్క పడి ఏర్పడిన బిలంలో ఉంది. బయటికి పోయే దారి లేక దాని నీళ్లు ఉప్పన. తాగేనీళ్లు ఊళ్లోనే నింపుకోవాలి.

● మరవకూడని రోజు
2018 జులై 29న దంఘరా జిల్లాలో ఏడుగురు విదేశీ సైకిలిస్టుల జట్టును దుండగులు కారుతో ఢీకొట్టి దాడి చేశారు. ఇద్దరు అమెరికన్లు, ఒక స్విస్, ఒక డచ్ పౌరుడు చనిపోయారు. ఆ దారుణంతో ఆ దేశ ప్రజలను కొలవకూడదు. తర్వాత కూడా సైకిలిస్టులు వచ్చారు, ఊళ్లలో తలుపులు తెరుచుకున్నాయి.

● మళ్లీ కలిసిన సరిహద్దు
2021 ఘర్షణల తర్వాత తజికిస్థాన్, కిర్గిజ్‌స్థాన్‌ల మధ్య సరిహద్దు మూతపడింది. 2025 మార్చి 13న రెండు దేశాలూ సరిహద్దు ఒప్పందంపై సంతకం చేశాయి. 

● వెళ్లాలనుకునేవారికి
జూన్ నుంచి సెప్టెంబరు వరకే అనువైన కాలం. ముందుగా మనాలి–లేహ్ దారిలో జట్టుగా తొక్కి చూడండి. అక్కడి తగ్‌లంగ్ లా 5,300 మీటర్లకు పైనే, అక్‌బైతాల్ కన్నా ఎత్తు. మీ ఊపిరి ఎంతో, తోటివాడి కోసం ఆగే ఓపిక ఎంతో అక్కడే తేలిపోతుంది. ఆ రెండోది ఉన్నవాళ్లతోనే పామీర్‌కు బయల్దేరండి.