కొత్త వైమానికునకు యుద్ధశిక్షణ

బండి తోలుట నేర్చిన ప్రతివాడును పందెమునకు పనికిరాడు. విమానము సంగతియు అంతే. దానిని లేపి, తిప్పి, క్షేమముగా దించగలవాడు చోదకుడగును. యోధుడగుటకు వేరొక విద్య కావలెను. 1940 వేసవిలో జర్మనీ విమానములు బ్రిటన్‌పై దాడి చేసినపుడు ఈ భేదము ఎందరి ప్రాణములనో బలిగొన్నది.

ఆ దేశమున కొత్త పైలట్లను ఆస్టన్ డౌన్, సటన్ బ్రిడ్జి, హావర్డెన్ అను చోట్లనున్న యుద్ధశిక్షణ కేంద్రములకు పంపెడివారు. అచ్చటి స్పిట్‌ఫైర్, హరికేన్ విమానములలో ఒక్కటే ఆసనము. ప్రక్కన గురువు కూర్చుండుటకు చోటు లేదు. నాలుగు వారముల శిక్షణ, పోరులో నష్టములు పెరిగిన కొలది, రెండు వారములకు తగ్గినది. ఆ విమానములపై 10, 20 గంటల అనుభవముతోనే పలువురు రణమునకు పోయిరి.

వారు నేర్వవలసినదేమి? మొదటిది గురి. గంటకు 300 మైళ్ళ వేగముతో పోవు విమానము సెకనుకు 440 అడుగులు కదలును. 250 గజముల దూరము పోవుటకు గుండునకు సుమారు మూడవ వంతు సెకను పట్టును. ఆలోగా, అడ్డముగా పోవుచున్న శత్రువు దాదాపు 150 అడుగులు, అనగా తన పొడవునకు ఐదు రెట్లు, ముందునకు జరిగిపోవును. కావున శత్రువును గాక, అతడు చేరబోవు తావును గురిచూడవలెను. స్పిట్‌ఫైర్‌లోని ఎనిమిది మరతుపాకులకును కలిగిన గుండ్లు 15 సెకనులలో అయిపోవును. గురి తప్పుటకు వ్యవధి లేదు.

రెండవది చూపు. ఆనాడు బ్రిటిష్ వారు మూడు విమానములను దగ్గరగా కూర్చి ఎగిరెడివారు. వెనుకనున్న ఇరువురి దృష్టి నాయకునికి తగులకుండుటపైననే నిలుచుటచే ఆకాశమును చూచుటకు తీరికయుండదు. స్పెయిన్ అంతర్యుద్ధమున జర్మనులు నేర్చిన, నాలుగు విమానముల ఎడమైన కూర్పులో అందరును నలుదెసల చూడగలరు. ఈ పద్ధతినే బ్రిటిష్ వారును తరువాత గ్రహించిరి.

మరి నేర్పువాడెవడు? రణములో ఆరితేరినవాడే. అతడిని బడికి పిలిచిన రణము బలహీనపడును. రణములోనే ఉంచిన కొత్తవారు నేర్వకయే పోదురు. సేనాధిపతి డౌడింగ్ 1940 సెప్టెంబరులో ఒక మార్గము కనుగొనెను. అనుభవజ్ఞుల దళములను ఆగ్నేయమున నిలిపి, దాడి తక్కువగానున్న ప్రాంతముల దళములలో కొద్దిమంది ఆరితేరినవారిని ఉంచి, వారిచే కొత్తవారికి శిక్షణ ఇప్పించెను. నేర్చినవారు క్రమముగా ముందునకు వచ్చిరి.

ఆపత్కాలమున బడికి కేటాయించిన రోజు వృథాయని తోచును. కాని ఆ రోజును మిగుల్చుకొన్నందుకు వెల చెల్లించువాడు ఆకాశములో ఒంటరిగా కూర్చున్న ఆ యువకుడే.